బృహద్ధమని ఉబ్బింది.. వెంటనే ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా చెల్లెలికి 28 ఏళ్లు. కొన్ని నెలలుగా నీరసం, సన్నగా జ్వరం. బట్టలు ఉతికితే ఎడమ చెయ్యి లాగేస్తోందంటోంది. సీటీ యాంజియోగ్రామ్‌లో ఛాతీలోని బృహద్ధమని 4.3 సెం.మీ. ఉబ్బిందని, టకయాసు ఆర్టిరైటిస్ అని చెప్పి స్టెరాయిడ్లు రాశారు. అది పగిలిపోక ముందే ఆపరేషన్ చేయించొద్దా?
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ భయం అర్థమైంది. కానీ ఇక్కడ ముందు మందులే. బృహద్ధమని (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) ఉబ్బడానికి మామూలుగా వయసు, బీపీ, పొగతాగడం కారణాలు. ఈ జబ్బులో మాత్రం రోగనిరోధక వ్యవస్థే రక్తనాళం గోడ మీద దాడి చేస్తుంది. మధ్య పొరలో సాగే పోగులు దెబ్బతిన్నచోట గోడ ఉబ్బుతుంది, మచ్చకట్టి మందమైనచోట నాళం సన్నబడుతుంది. నిజానికి సన్నబడటమే ఎక్కువ. చెల్లెలి చెయ్యి లాగడం బహుశా అందుకే.

వాపు రగులుతున్న గోడకు కుట్లు వేస్తే సరిగా నిలవవు. కుట్టు దగ్గరే మళ్లీ ఉబ్బొచ్చు. అందుకే అత్యవసరమైతే తప్ప, జబ్బు అదుపులోకి వచ్చాకే ఆపరేషన్. గుండె నుంచి పైకి లేచే భాగంలో సాధారణంగా 5.5 సెం.మీ. దగ్గర ఆలోచిస్తారు. వేగంగా పెరుగుతున్నా, నొప్పి ఉన్నా అంతకంటే ముందే.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను తరచుగా రోజుకు 40-60 మి.గ్రా.తో మొదలుపెట్టి, నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఒళ్లు తేలికపడిందని సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది, ఒక్కసారిగా ఆపడం ప్రాణానికే ప్రమాదం. తోడుగా రోగనిరోధక వ్యవస్థ దాడిని తగ్గించే మెథోట్రెక్సేట్ ఇస్తే అది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోతాయి. పిల్లల్ని కనాలనుకుంటే ముందే చెప్పండి, ఆ మందు మార్చాలి.

ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్‌పీ నార్మల్‌గా వచ్చాయని స్కాన్ మానేయకండి. అవి బాగున్నా గోడలో వాపు ఉండొచ్చు.

బీపీ విషయం బాగా గుర్తుంచుకోండి. సన్నబడ్డ ఎడమ చేతిలో 110 చూపిస్తున్నా, లోపల అసలు బీపీ 170 ఉండొచ్చు. ఆ ఒత్తిడే ఉబ్బును పెంచుతుంది. ఏ చేతిలో ఎక్కువ వస్తే ఆ చేతిలోనే చూడాలి. రెండు చేతుల నాళాలూ సన్నబడి ఉంటే కాలికి చూడమనండి. జ్వరానికో, విరేచనాలకో వెళ్లినా ఉబ్బు సంగతి చెప్పండి. బృహద్ధమని ఉబ్బినవాళ్లకు సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వేరే దారి ఉంటే వాడకూడదు.

చికిత్స రుమటాలజిస్ట్ (కీళ్లు, రోగనిరోధక వ్యవస్థ జబ్బుల నిపుణులు) చేతిలో ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఛాతీలోనో వీపులోనో ఉన్నట్టుండి చీల్చినంత నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మాట పడిపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.