అమ్మలూ, ఆ తాళం ఎవరి దగ్గర ఉంది?

అమ్మలూ,

పెద్దమ్మ ఆశీస్సులు. చీరల ఫొటోలు, లెక్కలు అన్నీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టేశాను, ఇంక భయం లేదని మీ అమ్మతో అన్నావట. ఆ మాట విన్నాకే ఇది రాయాలనిపించింది. పదకొండేళ్లుగా మంగళగిరి చీరలు ఫోన్ మీదే అమ్ముతున్నాను. డ్రైవ్ వాడొద్దని చెప్పను, అది లేకపోతే నాకూ పని సాగదు.

ముందు ఒకటి చూసుకో. ఆ అకౌంట్ ఎవరిది? నా మొదటి స్టాక్ షీటు ఒక కుర్రాడు తన సొంత మెయిల్‌తో చేసిపెట్టాడు. నా ఫోన్‌లో తెరుచుకుంటోంది కదా, చాల్లే అనుకున్నాను. రెండేళ్ల తర్వాత వేరే ఊరు పోతూ తన పాత అకౌంట్ తీసేశాడు. దాంతో నా షీటూ పోయింది. ఏ నేత ఇంటికి ఎంత బాకీ, ఏ చీర ఎవరికి పంపాను, ఏమీ మిగల్లేదు. వాడిని అనడానికేం లేదు, వాడి సామాను వాడు సర్దుకున్నాడు. దసరా ముందు పదిహేను రోజులు మగ్గాల ఇళ్ల చుట్టూ తిరిగి మళ్లీ రాసుకున్నాను. వాళ్లు నోటితో చెప్పిన లెక్క ఒక్కటీ తప్పలేదు, అది వేరే కథ.

అందుకని వ్యాపారానికి నీ పేరు మీద వేరే మెయిల్ తెరువు. దానికిచ్చిన ఫోన్ నంబరుకు రీచార్జ్ మానొద్దు. వదిలేసిన నంబరు కొన్నాళ్లకు ఇంకొకరికి వెళ్తుంది, ఓటీపీలూ వాళ్లకే వెళ్తాయి. ఓటీపీ అందని రోజున అకౌంట్ తెరుచుకోవడానికి గూగుల్ పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టు, ఫోన్‌లో కాదు. ఫోన్ పోయిన రోజే కదా వాటితో పని!

ఇక చోటు సంగతి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడూ సర్దుకోవాలి. ఆండ్రాయిడ్ ఫోనైతే వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోనే. అంచు, కొంగు, బ్లౌజు ముక్క అంటూ చీరకు ఆరు ఫొటోలు, ఒక్కోటి 4 ఎంబీ అనుకో, ఆరొందల చీరలకే నిండిపోతుంది. ప్యాకింగ్ వీడియోలు వేరే. ఒక శ్రావణమాసంలో మూడు రోజులు ఒక్క ఆర్డర్ మెయిలూ రాలేదు. వరలక్ష్మీ వ్రతం ముందు బేరాలు లేకపోవడమేంటని ఒకటే టెన్షన్. తీరా చూస్తే చోటు నిండి, వచ్చిన మెయిళ్లన్నీ వెనక్కి పోతున్నాయి. డబ్బు కట్టి ఎక్కువ చోటు తీసుకో, కొట్టు అద్దె అనుకో.

ఫోన్‌లో చోటు కోసం గూగుల్ ఫొటోస్‌లో ఊరికే డిలీట్ నొక్కావంటే గూగుల్‌లో దాచినవీ పోతాయి. చెత్తబుట్టలో 60 రోజులు ఉంటాయిలే, కానీ ఆ సంగతి మనకు డెబ్బయ్యో రోజున గుర్తొస్తుంది. ఫోన్‌లోవి మాత్రమే తీసేయడానికి 'ఫ్రీ అప్ స్పేస్' అని వేరే ఉంది, అది నొక్కు.

పెద్ద కంపెనీలకు ఏమవుతుందిలే అంటావేమో. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియా ప్రభుత్వ డేటా సెంటర్ ఒకటి తగలబడింది. ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ (గూగుల్‌ది కాదు, ఆ ప్రభుత్వానిదే) అందులోనే ఉంది. 858 టెరాబైట్లు, ఇంకెక్కడా కాపీ లేదు. ఒక ప్రభుత్వానికే అలా అయింది.

నేను నెలకోసారి, అమావాస్య రోజు (మర్చిపోనని అంతే, శాస్త్రమేం లేదు), అన్నీ ఒక హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కిస్తాను. ఇక్కడో తిరకాసుంది. కంప్యూటర్‌లో కనిపించే డ్రైవ్ ఫోల్డర్ నుంచి షీట్లను అలాగే లాగితే వచ్చేది లింకు మాత్రమే, లోపల లెక్కలుండవు. ఎక్సెల్‌గా డౌన్‌లోడ్ చెయ్యాలి. చేశాక నెట్ ఆపేసి నాలుగు ఫైళ్లు తెరిచి చూడు. జీఎస్టీ బిల్లులైతే వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, వాటిని అస్సలు తీసెయ్యకు.

ఇంకోటి, కొరియర్ అబ్బాయికి పంపే షీటును లింకున్న ఎవరైనా చూసేలా పెట్టకు. అందులో ఆడవాళ్ల అడ్రసులు, నంబర్లు ఉంటాయి.

ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని రా. నా దగ్గర ఖాళీ డిస్క్ ఒకటుంది, మొదటి కాపీ ఇక్కడే ఎక్కిద్దాం. గోంగూర పచ్చడి కూడా పెట్టాను, సీసా తెచ్చుకో.

మీ పెద్దమ్మ