నెలలు నిండని బిడ్డకు నాన్న రక్తం ఎందుకు వద్దంటారు?

బాబు 30 వారాలకే పుట్టాడని, రక్తం ఎక్కించాలంటే వాళ్ల నాన్న ముందుకొచ్చినా డాక్టర్ వద్దన్నారని రాశారు. డాక్టర్ మాటే వినండి, పట్టుబట్టకండి. మా పాపకి ఎన్‌ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) రక్తం ఎక్కించినప్పుడు మా ఇంట్లోనూ “సొంతవాళ్లం ఉండగా బయటివాళ్లది ఎందుకు” అన్నారు. నాకూ చాలా టెన్షన్‌గా ఉండేది. డ్యూటీ డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పాక అర్థమైంది.

దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలు బిడ్డ కణాలకు బాగా దగ్గరగా ఉండొచ్చు. అప్పుడు బిడ్డ శరీరం వాటిని పరాయివని గుర్తుపట్టదు. అవి మాత్రం లోపల నిలదొక్కుకుని బిడ్డ మీదే దాడి చేస్తాయి. ఇది చాలా అరుదు, కానీ వస్తే ప్రాణం దక్కడం కష్టం. రక్తానికి ముందే రేడియేషన్ ఇస్తే ఈ ప్రమాదం తప్పుతుంది. ఆ సౌకర్యం అన్ని బ్లడ్ బ్యాంకుల్లో ఉండదు, మీ దగ్గర ఉందేమో అడగండి. మీవారు బ్లడ్ బ్యాంకులో రక్తం ఇవ్వచ్చు, అది ఇంకెవరికైనా పనికొస్తుంది.

రక్తం ఎందుకు తగ్గిందని మీరు కంగారు పడుతుంటారు. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపి సుమారు 90 మి.లీ. అంటే టెస్టుకి ఒక్క మి.లీ. తీసినా పెద్దవాళ్ల నుంచి 50 మి.లీ. పైన తీసినట్టే. పైగా నెలలు నిండని పిల్లల్లో కొత్త రక్తం తయారవడం కొన్ని వారాలు బాగా నెమ్మదిస్తుంది. ఇందులో మీ తిండి లోపం ఏమీ లేదు, దయచేసి ఎవరేమన్నా మనసులో పెట్టుకోకండి.

ఎక్కించేది కిలోకి 15 మి.లీ. అటూ ఇటూ. మా పాపకి పెద్ద సీసా తగిలిస్తారనుకున్నాను. వచ్చింది ఒక సిరంజి. ఇద్దరు నర్సులు బ్యాగు నంబరు, పాప కాలి బ్యాండు పైకి చదువుకుని సరిచూశాక పంపుకి పెట్టారు. మూడు నాలుగు గంటలు కనపడీ కనపడనట్టు ఎక్కింది.

డాక్టర్ “హిమోగ్లోబిన్ ఇంకా తగ్గాక చూద్దాం” అన్నా నిర్లక్ష్యం అనుకోకండి. 2020లో అమెరికాలో కిలోలోపు పిల్లల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, హిమోగ్లోబిన్ ఇంకాస్త తగ్గేదాకా ఆగి ఎక్కించినవాళ్లూ, ముందే ఎక్కించినవాళ్లూ రెండేళ్ల వయసుకి ఒకేలా ఉన్నారు. బాబు ఊపిరి, బరువు, హిమోగ్లోబిన్ మూడూ చూసి నిర్ణయిస్తారు.

ఒక్కటి మాత్రం ఇవాళే అడగండి: ఒకే దాత రక్తాన్ని చిన్న బ్యాగులుగా విడగొట్టి బాబు పేరున ఉంచగలరా అని. మళ్లీ అవసరమైతే కొత్త దాత రక్తం ఎక్కించే పని తప్పుతుంది.