ల్యాప్‌టాప్‌లో నడిచిన కోడ్‌కి ప్రోగ్రామింగ్ పోటీలో ‘టైమ్ లిమిట్ ఎక్సీడెడ్’ ఎందుకు వస్తుంది?

మీ కోడ్ జవాబు తప్పని కాదు, పెద్ద ఇన్‌పుట్ ఇచ్చినప్పుడు అనుమతించిన సమయంలో పని ముగించలేకపోయిందని అర్థం. ప్రశ్నతో పాటు చూపించే శాంపిల్‌లో ఐదారు సంఖ్యలే ఉంటాయి. అసలు పరీక్షలో లక్షలుంటాయి. నిదానమైన పద్ధతిని ఆపడానికే ఆ పరిమితి పెడతారు.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో 2 లక్షల చేపల పెట్టెల బరువులిచ్చి, ఏ రెండు కలిస్తే సరిగ్గా 100 కిలోలవుతాయో కనుక్కోమన్నారనుకోండి. ప్రతి పెట్టెనీ మిగతా అన్నిటితో జతకట్టి చూస్తే దాదాపు 2000 కోట్ల జతలు. సి ప్లస్ ప్లస్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సెకనుకి సుమారు 10 కోట్ల చిన్న పనులని లెక్కేసుకోవడం వాడుక. అంటే 200 సెకన్లు! అదే బరువులను ముందు తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పేర్చి, ఒక వేలు తేలికైన పెట్టె మీద, ఇంకొకటి బరువైన దాని మీద పెట్టి, మొత్తం 100 కన్నా తక్కువైతే మొదటి వేలిని, ఎక్కువైతే రెండో వేలిని లోపలికి జరుపుకుంటూ వస్తే, పేర్చడానికి సుమారు 36 లక్షల పోలికలు, ఆపైన ఒక్క చుట్టు. సెకను కూడా పట్టదు.

మెమరీదీ ఇదే కథ. 10,000 వరుసలు, 10,000 నిలువుల ఇంట్ (ఒక్కోటి 4 బైట్ల పూర్ణసంఖ్య) పట్టికకు 40 కోట్ల బైట్లు కావాలి, మెమరీ పరిమితి 256 ఎంబీ అయితే అది పట్టదు.

చాలామంది నెట్ స్లో అనో, తమ కంప్యూటర్ పాతదనో అనుకుంటారు. రెండూ కావు. కోడ్ నడిచేది పోటీ నిర్వాహకుల సర్వర్‌లో, కొలిచేది అక్కడ అది నడిచిన సమయాన్నే. కోడ్‌ఫోర్సెస్ లాంటి పోటీల వెబ్‌సైట్లలో ఆ పరిమితి ఒక్కో టెస్టుకి విడివిడిగా వర్తిస్తుంది, అన్నిటికీ కలిపి కాదు.