అద్దె గదిలో క్లాసా? ముందు చప్పట్లు కొట్టి చూడండి

"క్లాసులు చెప్పడానికి గది అద్దెకు తీసుకున్నాను. మేకులు కొట్టనివ్వరు, రంగు మార్చనివ్వరు. వచ్చేవాళ్లకు హాయిగా ఉండాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. అందరూ పోస్టర్లు, మొక్కలు, రంగు లైట్లు అనే చెబుతారు. నేను చాలా ఏళ్లుగా అద్దె గదుల్లోనే పెద్దవాళ్లకు స్పోకెన్ ఇంగ్లీష్ నేర్పుతున్నాను. ముందు ఆ గదిలో మాట తేటగా వినపడుతుందో లేదో చూడండి. మిగతావన్నీ తర్వాతే.

ఒకసారి కొత్త గదికి మారాం. నున్నటి టైల్స్, నాలుగు ఖాళీ గోడలు, చూస్తే ముచ్చటేసేది. వెనక వరసలో నాకన్నా పెద్దాయన ఒకరు కూర్చునేవారు. ఏం అడిగినా తలూపడమే తప్ప నోరు విప్పేవారు కాదు. ఓ రోజు అంకెలు చెప్పి రాయమన్నాను. నేను ఫిఫ్టీన్ అంటే ఆయన 50 రాశారు, థర్టీన్ అంటే 30. పక్కనున్న కుర్రాడు తొంగిచూసి నవ్వాడు. ఆయన గబుక్కున పేజీ మీద అరచెయ్యి పెట్టేశారు. క్లాసు అయిపోయాక పక్కన కూర్చుని అవే అంకెలు మామూలు గొంతుతో చెబితే ఒక్కటీ తప్పు రాయలేదు. "వెనక కూర్చుంటే మీ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి మేడమ్" అన్నారు.

అదే అసలు సంగతి. హల్లులకు బలం తక్కువ. ముందు పలికిన అచ్చు గోడలకు తగిలి తిరిగొచ్చి, తర్వాతి హల్లును మింగేస్తుంది. మనం గొంతు పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది. అమెరికాలో తరగతి గదులకు ఉన్న ప్రమాణం ప్రకారం చిన్న గదుల్లో ఈ మోత అణగడానికి 0.6 సెకన్లకు మించి పట్టకూడదు. మీకు మీటరు అక్కర్లేదు. ఖాళీ గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టండి. వెనకాలే టపటపమని సాగితే ఆ గదికి బట్ట కావాలన్నమాట.

కింద కార్పెట్ వేస్తే సగం పనే అవుతుంది, ఎదురెదురు గోడల మధ్య మోత అలాగే ఉంటుంది. మేకులు వద్దన్నారు కాబట్టి కాళ్ల మీద నిలబడే స్టాండు కొని, మందపాటి కర్టెన్ బాగా కుచ్చులు వచ్చేలా వెనక గోడ ముందు వేలాడదీయండి. గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచితే ఇంకా బాగా పీల్చుకుంటుంది. పుస్తకాల బీరువా ఉంటే పక్క గోడకు పెట్టండి, పుస్తకాలు ముందుకీ వెనక్కీ ఉన్నా సర్దకండి, ఎగుడుదిగుడుగా ఉంటేనే చప్పుడు చెదిరిపోతుంది. కుర్చీ కాళ్లకు రబ్బరు బూట్లు తప్పనిసరి. గుడ్ల అట్టలు అంటించమని సలహా ఇచ్చేవాళ్లను మాత్రం నమ్మొద్దు. అవి బయటి చప్పుడును ఆపవు, పైగా తొందరగా అంటుకుంటాయి.

ఇక ఆ స్ఫూర్తి వాక్యాల పోస్టర్లు! గెలుపు, ఓటమి అని గోడంతా రాసి ఉంటే నేర్చుకునేవాడికి ధైర్యం వస్తుందని ఎవరు కనిపెట్టారో నాకు తెలియదు. సరిగ్గా వినపడక తప్పు రాసిన మనిషి తనకే బుర్ర లేదనుకుంటాడు. గోడ మీది వాక్యం అతన్ని ఇంకాస్త కుంగదీస్తుంది.

కర్టెన్ వచ్చాక ఆ పెద్దాయన వెంటనే మారిపోలేదు. ముందు పక్కవాళ్లతో మాట్లాడారు, తర్వాత నన్ను ఆపి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఆయన కూర్చున్నది అదే వెనక వరసలో.

బోర్డు ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. మీ వెనక కిటికీ ఉంటే మీ ముఖం నీడలో పడి పెదాలు కనిపించవు. తలుపు మీ పక్కనే ఉంటే ఆలస్యంగా వచ్చినవాళ్లు అందరి ముందు నుంచీ నడవాలి. ఆ టెన్షన్‌కే కొందరు మానేస్తారు. బోర్డును తలుపుకు ఎదుటి గోడకు మార్చి, తలుపు దగ్గర ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి.

మీలా గది తీసేసుకోకుండా, ఇంకా అడ్వాన్సు ఇవ్వనివాళ్లు ఎవరైనా ఉంటే, క్లాసు జరిగే టైముకే వెళ్లి తలుపులు మూసుకుని కాసేపు కూర్చోండి. ఓనరు గది చూపించేది ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉన్న వేళలోనే. పై అంతస్తులో డ్రిల్లింగ్, పక్కన నీళ్ల మోటారు లాంటివి ఏ కర్టెన్‌కూ లొంగవు. అలాంటివి వినిపిస్తే అద్దె ఎంత తగ్గించినా ఆ గది తీసుకోకండి.