చిల్లర ఎవరిస్తారు?

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. డ్రాగన్ కన్ను తెరిచే చోటు బాగా కుదిరింది, అక్కడ ఒక్క ముక్క కూడా ముట్టుకోకు. నా పేచీ అంతా మూడో పేజీతో. నలభై గడపల ఊరు, చీకటి పడ్డాక సత్రం, నీ హీరో ఒక మగ్గు బీరు తాగి బల్ల మీద బంగారు నాణెం విసిరేసి వెళ్ళిపోతాడు. అది ఇవాళ్టి బంగారం రేటులో దాదాపు లక్ష అని కింద ఫుట్‌నోట్ కూడా పెట్టావు.

నీకంటే ముందు ఈ తప్పు నేనే చేశాను. నా మొదటి కథలో రాకుమారుడు పేదరాశి పెద్దమ్మ చేతిలో వరహాల మూట పెడతాడు. మా అమ్మ చదివి, "ఆ ముసలమ్మ దాన్ని ఏ కొట్లో మారుస్తుందిరా?" అంది. ముందు కోపం వచ్చింది. తర్వాత ఆ మూట తీసేశాను.

ఇప్పుడు నీ లెక్క చూద్దాం. మీరు ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్ కదా, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలు వేసుకుని ఆడే సాహసాల ఆట. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ నియమాల పుస్తకం ప్రకారం యాభై నాణేలు ఒక పౌండు బరువు, అంటే ఒక్కోటి తొమ్మిది గ్రాములు. గ్రాము పదివేలే వేసుకున్నా తొంభై వేలు. బాగానే ఉంది. కానీ అదే పుస్తకంలో మేక ఖరీదు ఒక బంగారు నాణెం! కోడి రెండు రాగి నాణేలు. నూరు రాగి ఒక బంగారం కాబట్టి, నీ లెక్కన పద్ధెనిమిది వందలు. ఆ ఊళ్ళో ఆదివారం పూట ఎవరింట్లోనూ కూర ఉడకదు.

బంగారం రేటు వదిలేసి కూలి పట్టుకో. ఆ పుస్తకంలోనే మామూలు కూలికి రోజుకి రెండు వెండి నాణేలు అని ఉంది. పది వెండి ఒక బంగారం. అంటే బంగారు నాణెం ఐదు రోజుల కూలి. మీ వైపు కూలి ఆరొందలు అనుకుంటే మూడు వేలు. ఇప్పుడు మేక మరీ చవగ్గా, బీరు కాస్త అటూఇటూగా కనిపిస్తాయి గానీ, కనీసం మనుషులు బతికే ఊరిలా ఉంటుంది.

నిజం చరిత్రలో బంగారం ఇంత చవక కాదు. ఇంగ్లండ్‌లో 1344లో నోబుల్ అనే బంగారు నాణెం తెచ్చారు. బరువు సరిగ్గా మన ఆటలోదే, తొమ్మిది గ్రాముల దగ్గర. విలువ ఎనభై పెన్నీలు. అప్పటి కూలి రోజుకి రెండు పెన్నీలు వేసుకుంటే నలభై రోజుల కష్టం! ఆటలో ఐదు రోజులు, అక్కడ నలభై. ఈ తేడా ఎందుకంటే, 1974లో వచ్చిన ఈ ఆట మొదటి రూపంలో ఎన్ని బంగారు నాణేలు మోసుకొస్తే అన్ని అనుభవ పాయింట్లు, అంటే పాత్ర బలం పెంచే మార్కులు, ఇచ్చేవారు. ఆటగాళ్ళకి ఆశ పుట్టాలంటే గుహల్లో బంగారం గుమ్మరించాల్సిందే. ఆటను తయారుచేసిన వాళ్ళలో ఒకడైన గ్యారీ గైగాక్స్ ఈ ధరల్ని అలాస్కా గోల్డ్ రష్ ఊళ్ళతో పోల్చాడు, గుడ్డు ఒక్కటి డాలరు పలికిన రోజులతో. ఆటకి అది చాలు. కథకి చాలదు. ఆటగాడు ఎవరూ సత్రం వంటావిడ జీతం అడగడు, పాఠకుడు అడుగుతాడు.

కూలి కొలత చేతికొస్తే నీకు కథలు దొరుకుతాయి కూడా. నీ హీరో ఒంటి మీది ప్లేట్ ఆర్మర్, అదే ఒళ్ళంతా కప్పే ఉక్కు కవచం, పదిహేను వందల బంగారు నాణేలు. ఏడున్నర వేల రోజుల కూలి, ఒక్క రోజు మానకపోయినా ఇరవై ఏళ్ళు. దాని మీద పడ్డ సొట్ట చూసి అతను "పర్లేదులే" అంటాడు. గాయం మాన్పే మందు బుడ్డి యాభై నాణేలు, రెండొందల యాభై రోజుల కూలి. అతను భుజం మీది గీతకి దాన్ని గటగటా తాగేస్తుంటే, కొడవలి కోసుకుని కాలు కుళ్ళుతున్న పాలేరు గడప దగ్గర నిలబడి చూస్తున్నాడనుకో. నువ్వు ఏ డైలాగూ రాయక్కర్లేదు.

ఇక నిధి. లక్ష బంగారు నాణేల మీద డ్రాగన్ పడుకుందని రాశావు. బరువు తొమ్మిది వందల కిలోల పైమాటే, ఎడ్ల బండి ఇరుసు మూలుగుతుంది. కానీ బంగారం చోటు ఆక్రమించదు తమ్ముడూ. కుప్పగా పోసినా మీ ఆఫీసులో కనిపించే ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు నాలుగింటిలో పట్టేస్తుంది. నీ డ్రాగన్ దాని మీద గడ్డం ఆనించుకోవచ్చు, అంతే. రాగి, వెండి కలుపు, గుట్ట అవుతుంది.

ఆ లక్ష ఊళ్ళోకి వచ్చాక ఏమవుతుందో నువ్వు రాయలేదు, అసలు కథ అక్కడుంది. ఐదు లక్షల రోజుల కూలి. ఊళ్ళో ఎనభై మంది కూలీలుంటే వాళ్ళందరి పదిహేడేళ్ళ సంపాదన. పశ్చిమ ఆఫ్రికాలోని మాలీ రాజ్యపు రాజు మన్సా మూసా 1324లో మక్కాకు పోతూ కైరోలో బంగారం పంచిపెట్టాడు. అంతకుముందు పాతిక దిర్హములకు (వెండి నాణేలు) తగ్గని మిత్కాలు, అంటే ఒక తూకం బంగారం, ఇరవై రెండుకీ, అంతకన్నా కిందికీ పడిందని, పన్నెండేళ్ళయినా తేరుకోలేదని ఆ కాలపు అరబ్బు రచయిత అల్ ఉమరీ రాసి పెట్టాడు. కైరో అంతటి నగరానికే ఆ గతి పడితే నీ నలభై గడపలు ఏమైపోవాలి? కోడి ధర ఎంత? పొలానికి ఎవడు వస్తాడు?

ఇంకోమాట. గోల్డ్ పీస్ అనే పేరు తీసేసి వరహా అని పెడితే తెలుగు కథ అయిపోదు. విజయనగరం వరహా మూడున్నర గ్రాములకు కాస్త తక్కువ, ఆటలోని నాణెంలో సగం కూడా లేదు. పది పణాలు ఒక వరహా. ఆ పేరు వాడితే ఆ లెక్కా వాడు.

మూడో పేజీ మళ్ళీ రాసి పంపు. ఫుట్‌నోట్ వద్దు. మగ్గు బీరు నాలుగు రాగి నాణేలు. సత్రం ఆవిడ నాణెం పంటి కింద కొరికి చూస్తుంది. తొమ్మిది వెండి, ఆరు రాగి తిరిగివ్వాలి. గల్లాలో రాగి తప్ప లేదు. కొడుకుని లేపి పక్క వీధి షావుకారు ఇంటికి పరిగెత్తిస్తుంది. ఆ పిల్లాడు నాణెం పిడికిట్లో బిగించుకుని చీకట్లో పరుగెడుతుంటే, ఎవరెవరు తలుపు తీసి చూశారో అది రాయి.

ఉంటాను,
మీ అన్న