లాక్‌డౌన్‌లో వీడియో గేమ్స్ మీకు ఊరటనిచ్చాయా, ఉన్న టైమంతా తినేశాయా?

రెండూనండి. ఏ ఆట ఊరటనిచ్చింది, ఏది టైము తిన్నది అని విడదీసి చెప్పమంటే నావల్ల కాదు, ఎందుకంటే రెండు పనులూ ఒకే ఆట చేసింది.

మాది కోనసీమ. అంబాజీపేటకి దగ్గర్లో ఒక ఊరు. ఉద్యోగం హైదరాబాదులో. 2020 మార్చి 20 శుక్రవారం రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి రాజమండ్రిలో దిగి, రావులపాలెం మీదుగా ఇల్లు చేరాను. శని, ఆదివారాలు ఉండి వెళ్లిపోదామని రెండు జతల బట్టలు, ల్యాప్‌టాప్ మాత్రం తెచ్చుకున్నాను. ఆదివారం జనతా కర్ఫ్యూ అన్నారు. మంగళవారం రాత్రి 21 రోజులన్నారు. అది కాస్తా సాగి సాగి మే నెలాఖరు దాకా వచ్చింది. ఏప్రిల్ మొదటికే నేను నాన్న లుంగీల్లోకి మారిపోయాను.

హైదరాబాదు నుంచి దిగాడంటే అప్పుడు ఊళ్లో ఎలా చూసేవారో గుర్తుండే ఉంటుంది. వాలంటీరు వచ్చి వివరాలు రాసుకుంది. ఎదురింటి పిన్ని "బాగున్నావా నాన్నా" అంటూనే రెండడుగులు వెనక్కేసింది. ఎవరూ చెప్పకుండానే 14 రోజులకని మేడమీద గదిలో చేరాను. ఒక మంచం, విత్తనాల బస్తాలు, గర్రుగర్రుమనే ఫ్యాను, కొబ్బరాకుల సందుల్లోంచి వచ్చీరాని సిగ్నలు. రోజుకి 1.5 జీబీ డేటా ఆఫీసు పనికే మధ్యాహ్నానికల్లా అయిపోయేది. అంటే నెట్ లేకుండా ఆడుకునేదేదైనా కావాలి. ఎప్పుడో సేల్‌లో కొని మర్చిపోయిన స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆట ల్యాప్‌టాప్‌లో కనబడింది.

(నేను రైలెక్కిన ఆ మార్చి 20నే నింటెండో వాళ్ల కొత్త ఆట యానిమల్ క్రాసింగ్ వచ్చింది. నెలాఖరుకే కోటీ 17 లక్షలకి పైగా అమ్ముడయింది. లోకమంతా ఆ ఆటలోని దీవిలో తలదాచుకుందని తర్వాత చదివాను. దానికి స్విచ్ అనే వాళ్ల ఆట యంత్రం ఉండాలి. మా వైపు స్విచ్ అంటే గోడమీదదే.)

స్టార్‌డ్యూ వ్యాలీ తెలియనివాళ్లకి రెండు ముక్కలు. ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని నాలుగేళ్లకి పైగా కష్టపడి చేసి, 2016లో విడుదల చేసిన ఆట. పట్నంలో ఆఫీసు ఉద్యోగంతో విసిగిపోయినవాడు తాత వదిలివెళ్లిన పొలానికి వస్తాడు. రాళ్లు, మోళ్లు తీసి, దున్ని, విత్తి, నీళ్లు పోసుకోవాలి. ఒక్కో రుతువుకి 28 రోజులు, ఏడాదికి నాలుగు రుతువులు. రుతువు మారితే అప్పటిదాకా ఉన్న పంట చాలావరకు ఎండిపోతుంది. ఆటలో ఒక రోజంటే మనకి పద్నాలుగు నిమిషాల చిల్లర. పడుకుంటేనే సేవ్ అవుతుంది, కాబట్టి "ఈ ఒక్కరోజు అయ్యాక ఆపేద్దాం" అని మొదలుపెట్టినవాడు ఆపడు. రాత్రి రెండు దాటితే ఆటలో మన మనిషి ఉన్నచోటే కుప్పకూలిపోతాడు. వాడు పడిపోయాక కూడా నేను మరో గంట కూర్చున్న రాత్రులున్నాయి.

పల్లెటూరి వ్యవసాయం నుంచి తప్పించుకోవడానికే ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, పల్లెలో ఇరుక్కుని, కంప్యూటర్లో వ్యవసాయం చేస్తున్నాను. ఈ వింత నాకు తట్టలేదు. నాన్నకి తట్టింది.

మూడోరోజో నాలుగోరోజో కిటికీలో అన్నం కంచం పెట్టడానికొచ్చి తెరవైపు చూశాడు.

"ఏరా, ఏంటది?"

"పొలం నాన్నా."

"ఎవరిది?"

"నాదే. తాత రాసిచ్చాడు."

"మీ తాత రాసినవన్నీ ప్రోనోట్లేరా, పొలమెక్కడిది? ఏం పంట?"

"పార్స్‌నిప్ అని, తెల్లగా ముల్లంగి లాంటి దుంప. నాలుగు రోజులకొస్తుంది."

"నాలుగ్రోజులకా! కౌలెంత?"

"కౌలు లేదు."

"నీళ్లు?"

"పక్కనే చెరువు."

"బోదె దగ్గర తగువు?"

"ఊళ్లో ఎవరూ తగువు పడరు. కాకులొస్తాయి, దిష్టిబొమ్మ పెడితే చాలు."

"కాకులేనా, ఎలకల్లేవా? నాకూ ఓ రెండెకరాలు చూడు అక్కడ" అని నవ్వుకుంటూ మెట్లు దిగాడు. నేనొచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

నాన్నది మూడెకరాల కౌలు. పంట ఎలా ఉన్నా కామందుకి కొలవాల్సిన బస్తాలు కొలవాల్సిందే. దాళ్వా చేను, అంటే రెండో పంట వరి, అప్పటికి పాలు పోసుకుని పసుపు తిరుగుతోంది, ఇంకో మూడు వారాల్లో కోత. వ్యవసాయ పనులకి, కోత మిషన్లకి కేంద్రం మార్చి నెలాఖరుకే మినహాయింపు ఇచ్చింది. కాగితం మీద వచ్చినంత తేలిగ్గా మిషను చేలోకి రాదు కదా, మేం మాట్లాడుకున్న మిషను డ్రైవరు పక్క జిల్లాలో ఆగిపోయాడు. కొబ్బరి సంగతీ అంతే. దింపించిన కాయకి లారీ దొరక్క పాకలోనే రాశి పోసి ఉంది. రాత్రి టీవీ పెడితే కేసుల లెక్క. మా ఇంట్లో ఎవరు ఏం చేసినా ఒక్క అంకె కూడా మారదు. నా తెర మీద మాత్రం నిన్న పోసిన నీళ్లకి ఇవాళ ఆకు వేసేది. నాకు దొరికిన ఊరట ఆ మాత్రమే. మూడో వారంలో ఉద్యోగాలు తీసేస్తున్నారన్న మెయిల్ ఒకటి మా టీమ్‌లో తిరిగిన రోజున నేను ఆటలో కోళ్ల షెడ్డు కట్టాను. ఆ రాత్రి నిద్రపట్టింది.

మా ఇంట్లో ఆటలు నా ఒక్కడివే కావు. మామ్మ మొదట ఫోన్లో ఆడే లూడో కింగ్‌ని దగ్గరికి రానివ్వలేదు. చింతపిక్కలు అరగదీసుకుని అష్టాచెమ్మా ఆడిన చెయ్యి అది. ఇంగ్లండు వాళ్లు 1890ల్లో లూడోకి పేటెంటు తీసుకున్నదే మన పచ్చీసు చూసి అని చెబితే, "దొంగసొమ్మా" అని ఫోను తీసుకుంది. వారం తిరిగేసరికి బెంగుళూరులో ఉన్న మా మేనత్త కూతురితో రోజూ ఆట. ఆరు పడకపోతే "ఈ ఫోను పాచిక దొంగదే, దాన్ని వేళ్లతో తిప్పనివ్వదు" అని శాపనార్థాలు. పడితే మాత్రం ఫోనుకి ఏ దోషమూ లేదు.

ఇక పబ్జీ, ఫోన్లో తుపాకులతో కాల్చుకునే ఆట. దీని గురించి చెడ్డగా మాట్లాడమంటే బోలెడంత మాట్లాడగలను. మా వీధిలో ఆన్‌లైన్ క్లాసుల కోసమని ఫోను కొనిపించుకున్న పిల్లాడు ఒక్క క్లాసూ వినలేదు. కానీ ఒక రాత్రి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఇది మే నెల సంగతి, కొంచెం ముందుకెళ్తున్నాను.

పెద్దనాన్నగారి అబ్బాయి, మా అన్నయ్య, కువైట్‌లో ఉండేవాడు. మా కోనసీమలో గల్ఫ్‌లో మనిషి లేని వీధి ఉండదు. రాత్రి 12 దాటితే నా ఫోనుకి కొత్త 1.5 జీబీ వచ్చేది, అక్కడ అప్పుడు తొమ్మిదిన్నర. ఆ లెక్కన రోజూ నలుగురం కలిసేవాళ్లం: అన్నయ్య, నేను, ఊళ్లోనే ఇంకో ఇద్దరు తమ్ముళ్లు. మే 10 నుంచి 30 దాకా కువైట్‌లో పూర్తి కర్ఫ్యూ పెట్టారు. ఒకే గదిలో ఆరుగురు. ఇంటికి ఫోను చేస్తే పక్కమంచం వాళ్లంతా వింటారు, ఇక్కడ పెద్దమ్మ ఏడుస్తుంది, అందుకని "బానే ఉన్నానమ్మా" తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఆ రాత్రి ఆటలో ఎరాంగెల్ అనే దీవిలో దిగి, పొచింకీ అనే ఊళ్లో ఒక మేడ ఎక్కి కూర్చున్నాం. బయట ఎవరో కాల్చుకుంటున్నారు. తమ్ముడొకడు "అన్నయ్యా, లెవెల్ త్రీ హెల్మెట్ ఇక్కడుంది, తీసుకో" అన్నాడు. "ఉంచుకోరా" అని, అదే గొంతుతో "రెండు నెలల్నుంచి జీతం లేదురా, ఇంట్లో చెప్పకండి" అన్నాడు. గదిలో వాళ్లు ఆట గోల అనుకుని ఉంటారు. మేం కదల్లేదు. వందమందిలో చాలామంది పోయారు, వెనకబడినవాళ్ల ప్రాణం తీసే నీలం గీత మా మేడ దాటి ముందుకెళ్లిపోయింది, నలుగురం ఆ గదిలోనే కూర్చుని అప్పుల లెక్క మాట్లాడుతూ ఆటలో అక్కడే చచ్చిపోయాం. ఎవరూ "మళ్లీ ఆడదాం" అనలేదు. మర్నాడు తమ్ముళ్లు తలా కొంత పంపారు. సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్జీని నిషేధించినప్పుడు చాలామంది తల్లులు సంతోషించారు, న్యాయమే. అప్పటికి అన్నయ్య ఇంటికి వచ్చేశాడు కాబట్టి నాకూ బాధ వెయ్యలేదు.

గేమింగ్ డిజార్డర్ పేరుతో ఆటల వ్యసనాన్ని 2019లో జబ్బుల జాబితాకెక్కించిన ప్రపంచ ఆరోగ్య సంస్థే, 2020 మార్చి చివర్లో "దూరంగా ఉంటూ కలిసి ఆడుకోండి" అని గేమ్ కంపెనీలు చేసిన ప్రచారానికి తోడు నిలిచింది. దాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. నాకు రెండూ నిజమేననిపిస్తుంది. ఎందుకంటే ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం జరిగింది ఇది.

మిషను ఎలాగో దొరికింది. రెండెకరాలు కోయించాం. మిషను కోసిన ధాన్యంలో తేమ ఎక్కువ, 17 శాతానికి దిగితేగాని మద్దతు ధరకి తీసుకోరు. 75 కిలోల బస్తాకి ఆ ఏడు 1,361 రూపాయలు. అందుకని అందరిలాగే మేమూ రోడ్డు మీద ఆరబోశాం. పొద్దున్న నేనూ ధాన్యం తిరగేశాను, మధ్యాహ్నం ఆఫీసు కాల్ ఉందని పైకొచ్చాను. కాల్ నాలుగింటికే అయిపోయింది. కిందకి దిగలేదు. హెడ్‌ఫోన్స్ తియ్యకుండానే ఆట పెట్టాను.

ఆటలో ఆ రోజు వాన. ఆ ఆటలో వానంటే పండగ, నీళ్లు పోసే పనుండదు, గేలం పట్టుకుని చేపలకి పోవచ్చు. చెవుల నిండా వాన చప్పుడు, నేను ఏటి ఒడ్డున నిలబడి ఉన్నాను. ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తే. ఉన్నట్టుండి కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్, తెర నల్లబడింది.

వాన చప్పుడు ఆగలేదు.

కింద మామ్మ, జనతా కర్ఫ్యూ రోజున మోగించిన ఆ స్టీలు పళ్లేన్నే గరిటెతో బాదుతోంది. ఎంతసేపటి నుంచి బాదుతోందో. మోకాళ్ల నొప్పితో మెట్లెక్కలేదు పాపం. నేను రోడ్డెక్కేసరికి నాన్న, అమ్మ బరకాలు పరుస్తున్నారు. నన్ను చూసి వెనక్కి జరిగిన ఎదురింటి పిన్ని మాస్కు కూడా లేకుండా బరకం అంచు పట్టుకుని లాగుతోంది. పన్నెండు బస్తాల ధాన్యం తడిసింది. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రి ఆయన నాకంటే ముందే తినేసి వీధి అరుగు మీద పడుకున్నాడు.

తడిసింది మళ్లీ రెండు రోజులు ఎండబెట్టినా రంగు మారింది, తక్కువకి ఇచ్చేశాం. నేను ల్యాప్‌టాప్‌లో ఆఫీసు పని తప్ప ఇంకేదీ తెరవలేదు.

పది రోజులయ్యాక నాన్నే టీ గ్లాసు పట్టుకుని పైకొచ్చాడు. మంచం మీద కూర్చుని, కాసేపు ఫ్యాను వంక చూసి, "నీ పొలం బీడు పెట్టేశావేంట్రా" అన్నాడు. నేను మాట్లాడలేదు. "అందులో వరి లేదా?" అన్నాడు.

ఉంది. తెరిచి చూపించాను. ఎనిమిది రోజుల పంట. చెరువు పక్కన వేస్తే ఆరు రోజులకే వస్తుంది, నీళ్లు పొయ్యక్కర్లేదు. నాటాం. నాలుగు నెలల పంట వేసే మనిషి ఆ ఆరు రోజులూ, అంటే గంటన్నర, నా పక్కనే కూర్చుని చూశాడు. మొక్కలు మరీ ఎడంగా వేశావన్నాడు. ఆటలో ప్రతిరోజూ లేవగానే నేను ఇంట్లో టీవీ పెట్టడం చూసి, అదెందుకని అడిగాడు.

"రేపు వానుందో లేదో చెప్తుంది నాన్నా."

"చెప్పింది చెప్పినట్టు పడుద్దా?"

"పడుద్ది. తప్పదు."

గ్లాసు కింద పెట్టాడు. "అదొక్కటీ మనకిమ్మని అడగరా, కాకుల్ని మనమే తోలుకుంటాం."

మిగిలిన ఎకరం ధాన్యం అప్పటికింకా కళ్లంలోనే ఉంది. తర్వాత వారం రోజులూ సాయంత్రం అయ్యేసరికి కింద నుంచి కేకేసేవాడు: "ఒరేయ్, రేపు వానుందా?" నేను ఆటలో చూసి ఉందని చెబితే, నవ్వుతూనే వెళ్లి బరకాలు సర్దుకునేవాడు.