గేటు తీసింది మామ, బెల్టు తీసింది ఎవరు?

హన్మకొండ నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం:

దీపావళి రాత్రి మా మామ బయట దీపాలు పెడదామని గేటు తీశారు. అప్పుడే వెనక గల్లీలో లక్ష్మీబాంబు పేలింది. మా లాబ్రడార్ జానీ బెదిరి ఉరికింది. 12 రోజులైనా జాడ లేదు. ఆ పొద్దున మా ఆయన దానికి స్నానం పోసి బెల్టు తీసి దండెం మీద ఆరేశారు, మళ్లీ పెట్టలేదు. వాట్సాప్ గ్రూపుల్లో ఫొటో పెట్టి 5,000 ఇస్తామన్నాం. ఒకతను ఫోన్ చేసి ముందు 2,000 పంపమన్నాడు. జానీని రోజూ వడ్డేపల్లి చెరువు కట్ట మీదికి తిప్పేది మామే. తొమ్మిదేండ్ల మా బాబు సరిగ్గా తినడం లేదు, తాతతో మాట్లాడడం లేదు. అచ్చం జానీలాంటి కుక్క అమ్మకానికి ఉంది. అది తెచ్చి ‘జానీ దొరికింది’ అని బాబుకు చెప్పవచ్చా? ఆ రాత్రి మా ఆయన ‘ఒక్క గేటు చూసుకోరాదు, ఇగ ఎందుకు ఉన్నట్టు’ అని మామను అందరి ముందే అన్నారు. మామ పరకాల దగ్గర ఊరికి వెళ్లిపోతానంటున్నారు. అత్త పోయాక అక్కడ ఇంటికి తాళమే. అది వేరే సంగతి.

జవాబు:

చెప్పకండి. మీ బాబు తన కుక్కను చీకట్లో తడిమి గుర్తుపడతాడు. రెండు రోజుల్లో విషయం బయటపడుతుంది, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా నమ్మడు. మీరు అడిగినదానికి ఇంతే.

ఇక వేరే సంగతి అని పక్కన పెట్టారే, మీ ఇంట్లో అసలు సంగతి అదే. గేటు తీసింది మామ, నిజమే. బెల్టు తీసింది మీ ఆయన. మెడలో బెల్టు, దానిమీద ఫోన్ నంబరు ఉంటే జానీ ఏ గల్లీలో చిక్కినా ఎవరో ఒకరు మీకు ఫోన్ చేసేవాళ్లు. కానీ ఆ రాత్రి మాట పడింది ఒక్క మామ మీదే. పండుగ పూట ఇంటి ముందు దీపం పెట్టబోయిన పెద్దమనిషిని, తోడు పోయి కొడుకు పంచన ఉంటున్న మనిషిని, ఎందుకు ఉన్నట్టు అని మనవడి ముందు అడిగారు. పిల్లవాడు తాతతో మాట్లాడకపోవడం ఎక్కడ నేర్చుకున్నాడో వేరే చెప్పాలా? తండ్రిని చూసే నేర్చుకున్నాడు.

మీరు ఆ పూట ఏమన్నారో ఉత్తరంలో లేదు. ఏమీ అనలేదనే అనుకుంటున్నాను. తండ్రీకొడుకుల మధ్య కోడలు దూరకూడదని నేనూ చాలామందికి చెప్పాను, ఇకపైనా చెబుతాను. పొలం పంపకాలకు, పాత బాకీలకు అది సరే. ఒక ముసలాయన ఇంట్లో తన చోటు పోయిందనుకుంటున్నప్పుడు మాత్రం నోరు మూసుకుని ఉండడం మర్యాద కాదు.

పైగా కుక్కను వెతకడానికి మీ ఇంట్లో అందరికంటే పనికొచ్చే మనిషినే మీరు మూలన కూర్చోబెట్టారు. జానీ ఏ సందులో ఆగుతుంది, ఏ ఇంటి కుక్కతో దానికి సోపతి, కట్ట దగ్గర టీకొట్టులో ఎవరు బిస్కెట్ వేస్తారు, ఇవన్నీ మామకే తెలుసు. బెదిరిన కుక్కలు చాలాసార్లు దగ్గర్లోనే సగం కట్టిన ఇళ్లలోనో, పొదల్లోనో, ఆగి ఉన్న లారీల కిందనో నక్కుతాయి. కొన్ని చాలా దూరమే పోతాయి. ఎక్కడున్నా పగటి రద్దీకి బయటికి రావు, మనుషులు సద్దుమణిగాక తిండి వెతుక్కుంటాయి. కాబట్టి రాత్రి పదకొండు దాటాక, మళ్లీ తెల్లవారకముందు, మామతో పాటు మీ ఆయన వెళ్లాలి. మామను బండి వెనక ఎక్కించుకుని పోతే ఇంకా మంచిది, దారి పొడుగునా ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు.

కనబడితే గట్టిగా అరవొద్దు, వెంటపడొద్దు. భయంలో ఉన్న కుక్క యజమానిని చూసి కూడా పారిపోతుంది. దూరంగా నేల మీద కూర్చుని, సూటిగా చూడకుండా, తిండి పెట్టి నెమ్మదిగా పిలవాలి. రాత్రిళ్లు మామ వాడిన, ఉతకని తువ్వాల ఒకటి, జానీ పడుకునే దుప్పటి గేటు బయట వేసి ఉంచండి.

వాట్సాప్‌తో ఆగకండి. పాలాయన, పేపర్ వేసే పిల్లలు, పొద్దున రోడ్లు ఊడ్చే అమ్మలు, చెత్త ఆటో అతను, అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్లు, వీళ్లకు తెలియకుండా గల్లీలో ఏదీ జరగదు. ఫొటో, ఫోన్ నంబరు తెలుగులో పెద్ద అక్షరాలతో అచ్చువేసి కాజీపేట దాకా టీకొట్ల దగ్గర అంటించండి. ‘ఎవరో ఎత్తుకుపోయారు’ అని రాయకండి, పాపమని ఇంట్లో కట్టేసి అన్నం పెడుతున్నవాళ్లు భయపడి దాచేస్తారు. పశువుల ఆసుపత్రుల్లో చెప్పి రండి. కార్పొరేషన్ వాళ్లు వీధి కుక్కలకు ఆపరేషన్ చేసే చోటికి ఎవరైనా స్వయంగా వెళ్లి చూడండి. వీధి కుక్కల సంతానం అదుపు కోసం కేంద్రం తెచ్చిన 2023 నిబంధనల ప్రకారం వీధి కుక్కను సాధారణంగా ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి కాబట్టి, ఏ వీధి నుంచి ఎప్పుడు తెచ్చారని కూడా అడగండి.

ముందు పైసలు పంపమన్న వాడికి రూపాయి పంపొద్దు. ఫొటోలో కనబడని గుర్తు ఒకటి, పుట్టుమచ్చో పాత గాయమో, మీ దగ్గరే దాచుకోండి. అది చెప్పినవాడితోనే, వీడియోలో కుక్కను చూపించినవాడితోనే ముందుకు మాట్లాడండి.

జానీ తిరిగివస్తే ముందు డాక్టరుకు చూపించండి. వీధి కుక్కలు కరిచి ఉండవచ్చు, రేబిస్ టీకా మళ్లీ వేయాలేమో ఆయనే చెబుతారు. స్నానం రోజుకు రెండో బెల్టు కొనండి, బిళ్ల మీద రెండు నంబర్లు చెక్కించండి, అందులో ఒకటి మామది. చర్మం కింద పెట్టే చిప్ బియ్యపు గింజంత ఉంటుంది, కుక్క ఎక్కడుందో అది చూపదు. రీడర్ పెడితే 15 అంకెల నంబరు వస్తుంది, దానికి మీ ఫోన్ నంబరు జతచేసి ఉంటేనే ఉపయోగం. వచ్చే దీపావళికి పొద్దుండగానే తిప్పి తెచ్చి, చీకటి పడకముందే లోపలి గదిలో ఫ్యాన్, టీవీ పెట్టి ఉంచండి. (పటాకులంటే నాకు మొదటి నుంచీ పడదు, ఆ గోల ఇప్పుడెందుకు.)

ఇంతకీ మీ ఆయన చేయాల్సిన పని ఒకటి ఉంది. మాట అన్నది బాబు ముందు, కాబట్టి వెనక్కి తీసుకోవాల్సిందీ బాబు ముందే. ‘బాపూ, నేను అట్ల అనొద్దుండె. బెల్టు తీసింది నేనే’ అంటే చాలు. ఆయనకు నోరు రాకపోతే మొదట మీరు చెప్పండి, ఆ రాత్రి అడ్డుపడనందుకు. బాబుకు నిజమే చెప్పండి: జానీ ఇంకా దొరకలేదు, తాత, నాన్న కలిసి వెతుకుతున్నారు అని. సెలవు రోజున వాణ్ణీ కట్ట మీదికి పంపండి, తాత చేయి పట్టుకుని.

మామకు ఊరు చూడాలని ఉంటే సంక్రాంతికి అందరూ కలిసి వెళ్లండి. ఇప్పుడు మాత్రం ఆయనను ఒక్కరినే పరకాల బస్సు ఎక్కించొద్దు.